ఈఎస్‌ఆర్ 92 ఉన్న పాపకు ప్లేట్‌లెట్లు ‘నార్మల్’గా ఎలా ఉంటాయి?

దేవరకొండ దగ్గరి ఒక ఊరి నుంచి ఒక తండ్రి రాశారు. పాపకు ఏడేళ్లు. రెండు నెలలుగా మోకాళ్లు, చీలమండలు నొప్పి, మధ్యమధ్య జ్వరం. కుడి మోకాలు కొద్దిగా వాచింది. మొదట విషజ్వరం అన్నారు. తరువాత ఏఎస్‌ఓ అనే రక్తపరీక్షలో అంకె ఎక్కువగా ఉంది కాబట్టి రుమాటిక్ జ్వరం అన్నారు. ఇప్పుడు చిన్నపిల్లల కీళ్లవాతం అంటున్నారు, సోమవారం నుంచి స్టెరాయిడ్ మొదలుపెడదామంటున్నారు. ఇంతలో చుట్టం ఒకాయన ‘రక్త క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది, ఎముక మజ్జ పరీక్ష చేయించండి’ అనేసరికి ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టడం లేదు. కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్ష నెగెటివ్, ప్లేట్‌లెట్లు నార్మల్, అయినా చిన్నపిల్లకు ఆ పరీక్ష అవసరమా అని అడిగారు.

అవసరమే. అదీ స్టెరాయిడ్ మొదటి మోతాదు పడకముందే. ఎందుకో చెబుతాను. నల్గొండలో ఇరవై ఏడేళ్లుగా చిన్నపిల్లల వైద్యం చేస్తున్నాను. ఈ విషయంలో నేను కూడా ఒకసారి తప్పు చేశాను, అదీ దాచను.

ముందు ఒక మాట. కీళ్లు వాచి నొప్పి పుట్టే పిల్లల్లో ఎక్కువమందికి ఉండేది క్యాన్సర్ కాదు. వైరల్ జ్వరం తరువాత వచ్చే కీళ్లనొప్పులు, నిజమైన కీళ్లవాతం, కాస్త విటమిన్ డి లోపం, ఇవే ఎక్కువ. అందువల్ల మీ పాపకు ఫలానా జబ్బు ఉందని నేను అనడం లేదు. మీరు పంపిన అంకెలు మాత్రం కీళ్లవాతం అంకెల్లా లేవు.

రిపోర్టు మళ్లీ తీయండి. హిమోగ్లోబిన్ 9.1. తెల్లకణాలు 4,200. అందులో న్యూట్రోఫిల్స్ 22 శాతం, లింఫోసైట్లు 71 శాతం. ప్లేట్‌లెట్లు 1,68,000. ఒంట్లో వాపు ఎంత ఉందో చెప్పే ఈఎస్‌ఆర్ 92. అలాంటిదే మరో పరీక్ష సీఆర్‌పీ పాజిటివ్. పక్కన ముద్రించిన హద్దుల ప్రకారం ప్లేట్‌లెట్లు నార్మలే. తెల్లకణాలు కూడా ల్యాబు గీతకు కాస్త పైనే ఉన్నాయి. అందుకే ఎవరూ ఎర్ర సిరాతో గుర్తు పెట్టలేదు.

కానీ ఈఎస్‌ఆర్‌ను 92కు ఎక్కించేంత వాపు ఒంట్లో రెండు నెలలుగా ఉంటే, రక్తకణాలను తయారుచేసే ఎముక మజ్జ ఊరుకోదు. ప్లేట్‌లెట్లను ఎక్కువ చేసి పంపుతుంది. నిజమైన కీళ్లవాతం ముదిరిన పిల్లల్లో నాలుగు లక్షలు, ఐదు లక్షలు చూడటం మాకు మామూలు. ఒంటినిండా జ్వరంతో వచ్చే రకమైతే తెల్లకణాలు కూడా ఇరవై వేలు దాటుతాయి. అలాంటి చోట 1,68,000 అంటే మజ్జ పని చేయవలసినంత చేయడం లేదని అర్థం. ఇంటి నిండా చుట్టాలు దిగిన రోజున పొయ్యి మీద ఎప్పటిలా నలుగురికి సరిపడా అన్నమే ఉడుకుతూ ఉంటే, వంటగదిలో ఏదో జరిగిందనే కదా అనుకుంటాం.

న్యూట్రోఫిల్స్ లెక్క మీరే వేయండి. 4,200లో 22 శాతం అంటే 924. ఈ వయసు పిల్లలకు 1,500 కన్నా పైన ఉండాలి. పైగా నాలుగైదేళ్ల వరకు పిల్లల రక్తంలో లింఫోసైట్లది పైచేయి. ఆ తరువాత న్యూట్రోఫిల్స్ వాటిని దాటిపోతాయి. ఏడేళ్ల పాపకు, అదీ జ్వరం, వాపు ఉన్న పాపకు లింఫోసైట్లు 71 శాతం అంటే ‘పిల్లలకు అలాగే ఉంటుందిలే’ అని తోసేయడానికి లేదు.

2006లో అమెరికా పరిశోధకులు ఈ చిక్కుముడినే పట్టుకుని, కీళ్లనొప్పులతో వచ్చి చివరికి రక్త క్యాన్సర్ తేలిన 71 మంది పిల్లలను, నిజంగా కీళ్లవాతం ఉన్న 206 మందిని పక్కపక్కన పెట్టి చూశారు. రెండింటినీ వేరుచేసే ఆనవాళ్లు మూడు తేలాయి. తెల్లకణాలు నాలుగు వేల లోపు, ప్లేట్‌లెట్లు లక్షన్నర నుంచి రెండున్నర లక్షల మధ్య, రాత్రిపూట నొప్పి. ఒంటి మీద దద్దుర్లు, ఏఎన్‌ఏ అనే రక్తపరీక్ష, చివరికి కీలు కంటికి కనబడేలా వాచి ఉండటం కూడా తేడా చెప్పలేకపోయాయి. మీ పాప విషయంలో ప్లేట్‌లెట్లు ఆ హద్దులోనే ఉన్నాయి. రాత్రి రెండింటికి లేచి కాళ్లు పట్టమని ఏడుస్తోందని మీరే రాశారు. తెల్లకణాలు 200 తేడాతో బయట నిలిచాయి. జబ్బు నాలుగు వేల గీత చూసుకుని నడవదు.

ఆ పరిశోధనలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది వేరే ఉంది. క్యాన్సర్ తేలిన పిల్లల్లో నూటికి 75 మందికి, కీళ్ల డాక్టరు చూసిన రోజున రక్తంలో క్యాన్సర్ కణాలే కనబడలేదు. మజ్జలో ఉన్నాయి, రక్తంలోకి ఇంకా రాలేదు. ‘స్మియర్ (గాజు పలక మీద పూసిన రక్తం) చూశాం, ఏమీ లేదు’ అన్న మాట మీద నిశ్చింతగా ఉండలేకపోవడానికి కారణం ఇదే.

నా తప్పు కూడా ఇక్కడే జరిగింది. 2006 ప్రాంతంలో మర్రిగూడ వైపు నుంచి తొమ్మిదేళ్ల బాబును తీసుకువచ్చారు. మర్రిగూడ, చండూరు, మునుగోడు అంటే అప్పట్లో ఎవరికైనా మొదట తోచేది ఫ్లోరైడే. లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంటే, అంతకు ఎన్నో రెట్లు ఉన్న బోర్లు తాగిన ఊళ్లవి. పటిక, సున్నం కలిపి నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి ‘నల్గొండ టెక్నిక్’ అని మన జిల్లా పేరే వచ్చింది. ఆ బాబు తాత నడుము వంగిపోయిన మనిషి. కాళ్లనొప్పులంటే ఇంటిల్లిపాదీ ‘నీళ్ల దోషం’ అనుకుని నాలుగు నెలలు గడిపారు. కృష్ణా నీళ్లు ఊళ్లకు వచ్చాక ఇప్పుడు ఆ మాట తగ్గింది కానీ, పెద్దవాళ్ల నోట ఇంకా వింటూనే ఉంటాను. ఫ్లోరైడ్ ఎముకను ఏళ్ల తరబడి బిగదీస్తుంది, కాళ్లు వంకర పోయేలా చేస్తుంది. జ్వరం తెప్పించదు, నెల రోజుల్లో పిల్లవాడిని మంచం పట్టించదు.

అది ఫ్లోరైడ్ కాదని నేను పట్టుకున్నాను. ఆ తెలివికి మురిసిపోయి తరువాతిది వదిలేశాను. చీలమండ వాచింది, జ్వరం ఉంది, స్మియర్‌లో తేడా ఏమీ లేదని రిపోర్టు వచ్చింది. కీళ్లవాతమని ప్రెడ్నిసలోన్ అనే స్టెరాయిడ్ రాశాను. మూడో రోజుకు బాబు లేచి క్రికెట్ ఆడాడు. తండ్రి స్వీటు డబ్బాతో వచ్చాడు. ఏడు వారాలకు అదే బాబు సున్నం కొట్టిన గోడలా పాలిపోయి, పిక్కల మీద నీలం మచ్చలతో వచ్చాడు. హైదరాబాదు పంపితే మజ్జలో ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, తేలింది.

స్టెరాయిడ్ చేసే మాయ అదే. పిల్లల్లో ఎక్కువగా వచ్చే లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియాకు మొదటి నెల చికిత్సలో ప్రెడ్నిసలోనో డెక్సామెథసోనో తప్పకుండా ఉంటుంది. క్యాన్సర్ కణాలు దానికి చస్తాయి కాబట్టే వాడతారు. కీళ్లవాతం అనుకుని అదొక్కటే ఇస్తే సగం కణాలు చస్తాయి, నొప్పి పోతుంది, జ్వరం తగ్గుతుంది, ఆకలి వేస్తుంది, డాక్టరుకు మంచి పేరు వస్తుంది. మిగిలిన సగం మళ్లీ పెరుగుతాయి. ఈలోగా మజ్జ పరీక్ష చేస్తే స్పష్టంగా తేలక మళ్లీ కొన్ని వారాలు ఆగవలసి రావచ్చు. జబ్బు తీవ్రతను బట్టి పిల్లలను తక్కువ ప్రమాదం, ఎక్కువ ప్రమాదం అని విడదీసి మందులు నిర్ణయిస్తారు. ముందే స్టెరాయిడ్ పడిన పిల్లల విషయంలో ఆ లెక్క నమ్మలేక, ఎక్కువ ప్రమాదం వరుసలో చేర్చి గట్టి మందులు ఇవ్వవలసి వస్తుంది. ఆ బాబుకు అదే జరిగింది. బతికాడు, పెళ్లి కూడా అయింది. కానీ అతనికి పడిన మందుల్లో కొన్ని నా చీటీ వల్ల పడినవి. ఇంకో ప్రమాదం ఉంది. కణాలు ఒక్కసారిగా చస్తే వాటిలోని పొటాషియం, యూరిక్ యాసిడ్ రక్తంలో పోటెత్తి మూత్రపిండాలు దెబ్బతింటాయి. క్యాన్సర్ ఆసుపత్రిలో అయితే ముందే సెలైన్ ఎక్కించి, మందులిచ్చి, రోజూ పరీక్షలు చేస్తూ కాచుకుంటారు. ఇంట్లో మందు వేస్తే ఎవరు చూస్తారు?

ఇక పాపను మీరే ఇంట్లో గమనించగలిగినవి చెబుతాను. కీళ్లవాతం ఉన్న పిల్లలకు పొద్దున లేవగానే బాధ. మంచం దిగి ముసలమ్మలా కాళ్లీడుస్తారు, గంట గడిస్తే ఆటలో పడిపోతారు. మజ్జ జబ్బులో కాలం తిరగబడుతుంది. పగలు ఓర్చుకున్న పిల్ల అర్ధరాత్రి లేచి కూర్చుంటుంది, మర్దన చేసినా తగ్గదు. నొప్పి ఈ వారం మోకాలైతే వచ్చే వారం భుజం. అన్నిటికన్నా నన్ను ఉలిక్కిపడేలా చేసేది, వాపుకు నొప్పికి పొంతన లేకపోవడం. కీళ్లవాతం పిల్లలు వాచిన మోకాలితోనే కుంటుకుంటూ నా గదిలోకి నడిచి వస్తారు. ఏడెనిమిదేళ్ల పిల్లను తల్లి చంకన వేసుకుని వచ్చి, కీలు చూస్తే వాపు అంతంతమాత్రంగా ఉంటే, అప్పుడు నేను కీలు వదిలి ఎముక మీద చెయ్యి వేస్తాను.

చెయ్యి ఎలా వేస్తానంటే, మోకాలి చిప్ప కింద నాలుగు వేళ్ల దూరం వదిలి, ముంగాలు ఎముక మీద బొటనవేలితో మెల్లగా నొక్కుతాను. అది కీలు కాదు. కీళ్లవాతం ఉన్న పిల్ల అక్కడ నొక్కితే నా ముఖం చూస్తూ ఉంటుంది. మజ్జ నిండిపోయిన పిల్ల కాలు లాగేసుకుంటుంది. పెద్దలకు రక్తం తయారయ్యే ఎర్ర మజ్జ ఎక్కువగా వెన్ను, తుంటి, రొమ్ము ఎముకల్లో ఉంటే, పిల్లలకు కాళ్లూ చేతుల పొడుగు ఎముకల్లోనూ ఉంటుంది. బస్తాలో పట్టేదానికన్నా ఎక్కువ కంది కూరితే కుట్లు బిగుసుకున్నట్టు, లోపల కణాలు కిక్కిరిసి ఎముక పైపొర బిగుసుకుంటుంది. ఆ ఎముకల చివర్లు మోకాలికీ చీలమండకీ ఆనుకునే ఉంటాయి కాబట్టి పిల్ల ‘మోకాలు’ అంటుంది, మనం కీలు అనుకుంటాం. మీరు ఇంట్లో నొక్కి చూసి తీర్పు చెప్పవద్దు. డాక్టరును అడగండి, ఎముక కూడా నొక్కి చూశారా అని.

మెడ పక్కన, చంకల్లో, గజ్జల్లో బిళ్లలు, పొట్ట ఎడమవైపు గట్టిదనం, చర్మం మీద ఆవగింజంత ఎర్ర చుక్కలు, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కూడా చూడండి. ఇవి లేకపోతే జబ్బు లేదని కాదు.

మీకు ఇదివరకు చెప్పిన పేర్ల సంగతి. వానాకాలంలో మన వైపు జ్వరమంటే డెంగీ, చికున్‌గున్యా. చికున్‌గున్యా నొప్పులు నెలల తరబడి ఉండవచ్చు, నిజమే. డెంగీలో ప్లేట్‌లెట్లూ తెల్లకణాలూ పడిపోతాయి, అదీ నిజమే, కానీ పది పన్నెండు రోజుల్లో లేచి నిలబడతాయి. రెండు నెలల తరువాత కూడా కణాలు తక్కువగా ఉండటాన్ని డెంగీ ఖాతాలో వేయకూడదు. ఏఎస్‌ఓ సంగతి ఇంకా సులువు. ఎప్పుడో గొంతులో ఒక రకం బాక్టీరియా పడిందని మాత్రమే అది చెబుతుంది. బడికి వెళ్లే పిల్లల్లో ఎందరికో ఎక్కువే ఉంటుంది. ఆ ఒక్క కాగితం పట్టుకుని మూడు వారాలకోసారి పెన్సిలిన్ సూది పొడిపించుకుంటున్న పిల్లలను చూసి నాకు విసుగు పుట్టింది. ఆర్‌ఏ ఫ్యాక్టర్ అయితే నిజంగా కీళ్లవాతం ఉన్న పిల్లల్లోనే ఎక్కువమందికి నెగెటివ్. అది ఎటూ సాక్ష్యం చెప్పదు. అసలు చిన్నపిల్లల కీళ్లవాతం అన్న పేరే, పదహారేళ్ల లోపు మొదలై ఆరు వారాలు దాటాక, మిగతా కారణాలన్నీ కాదని తేల్చుకుని పెట్టవలసిన పేరు. ‘కాదని తేల్చుకోవడం’ అన్న ముక్కే తరచుగా జారిపోతుంది.

మీ ఇంట్లో పాప అన్న హాస్టల్లో ఇంటర్ చదువుతున్నాడని రాశారు కాబట్టి ఒక పక్కమాట. ఆ వయసులో ఇదే జబ్బు నడుమునొప్పిగా రావచ్చు. బరువు ఎత్తకుండా, పడకుండా వెన్నుపూస నొక్కుకుపోయిందని ఎక్స్‌రేలో కనబడితే, బెల్టు కట్టి పంపకుండా రక్తం చూడాలి.

ఇప్పుడు చేయవలసినది. స్టెరాయిడ్ ఇప్పుడే మొదలుపెట్టవద్దని డాక్టరుతో మర్యాదగా చెప్పండి. ‘మజ్జ పరీక్ష అయ్యేదాకా ఆగుదామండీ’ అంటే చాలు, తప్పుపట్టే డాక్టరు ఉండరు. నొప్పికి పారాసిటమాల్ ఇవ్వండి. ప్లేట్‌లెట్ల సంగతి తేలేదాకా ఇబుప్రోఫెన్ వంటివి వద్దు. సీబీపీ, అంటే రక్తకణాల లెక్క, మళ్లీ చేయించండి, కానీ యంత్రం కాగితంతో సరిపెట్టుకోవద్దు. మన పట్టణాల ల్యాబుల్లోని చిన్న యంత్రాలు కణం పరిమాణం చూసి లెక్కిస్తాయి. క్యాన్సర్ కణాన్ని, అంటే బ్లాస్ట్‌ను, అవి లింఫోసైటు గుంపులో వేసేస్తాయి. మీ 71 శాతంలో ఎవరెవరు ఉన్నారో ఆ యంత్రానికి తెలియదు. గాజు పలక మీద రక్తపు బొట్టు పూసి, రంగు వేసి, పాథాలజిస్టు కంటితో చూడాలి. మామూలు లింఫోసైటు చిన్నది, దాని కేంద్రకం ముద్దకట్టి ముదురుగా ఉంటుంది. బ్లాస్ట్ పెద్దది, కేంద్రకమే కణమంతా ఆక్రమించుకుని, మెత్తటి పొడి చల్లినట్టు లేతగా ఉంటుంది. చీటీ మీద ‘రెండు నెలలుగా ఎముకల నొప్పి, జ్వరం, బ్లాస్ట్‌లు చూడగలరు’ అని రాయించండి. ఏమీ రాయని చీటీకి, ఇలా రాసిన చీటీకి చూసే తీరులో తేడా ఉంటుంది, ఎవరూ ఒప్పుకోకపోయినా. కణాలు ఎక్కువగా చస్తుంటే పెరిగే ఎల్‌డీహెచ్, యూరిక్ యాసిడ్, మోకాళ్ల ఎక్స్‌రే, పొట్ట స్కానింగ్ కూడా చేయించండి. ఎక్స్‌రేలో ఎముక చివర అడ్డంగా పలచటి నల్ల పట్టీ కనబడితే అనుమానం గట్టిపడుతుంది.

ఇవన్నీ బాగున్నా మజ్జ పరీక్ష మానవద్దు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మీ అమ్మగారు అంటున్నారట. ఇది గొడ్డలి కాదు. సూది వేసేది వెన్నులో కాదు, నడుము కింద వెనుకవైపు తుంటి ఎముకలో. కాళ్లు పడిపోవడం వంటివి జరగవు. పాపకు మత్తు ఇస్తారు, కొద్ది మిల్లీలీటర్ల మజ్జ తీస్తారు, పని అరగంట లోపే అయిపోతుంది. రెండు రోజులు అక్కడ కాస్త నొప్పి ఉంటుంది. తీసిన దానిలో కొంత, కణాల రకం తేల్చే ఫ్లో సైటోమెట్రీ పరీక్షకు వెళ్లాలి, అది ఉన్న చోటే చేయించండి. అందుకే జిల్లాలో తిరగకుండా నేరుగా హైదరాబాదు వెళ్లమంటాను. ప్రభుత్వంలో పిల్లలకు నిలోఫర్, క్యాన్సర్‌కు రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే, పంజాగుట్టలోని నిమ్స్ ఉన్నాయి. దేవరకొండ నుంచి మాల్, ఇబ్రహీంపట్నం మీదుగా మూడు గంటల బస్సు. రేషన్ కార్డు, ఆధార్ వెంట ఉంచుకోండి. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో మన పక్క మహబూబ్‌నగర్ ఒకటి. తెలంగాణలో దాని పరిమితిని 2023 డిసెంబరులో పది లక్షలకు పెంచారు. ల్యుకేమియా చికిత్స అందులో ఉంది.

మరో వారం ఆగవచ్చా అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. ఆగవద్దు, రెండు మూడు రోజుల్లో బయలుదేరండి. ఈలోగా జ్వరం 101 దాటినా, చిగుళ్ల నుంచి గానీ ముక్కు నుంచి గానీ రక్తం వచ్చినా, ఆయాసపడినా, మూత్రం బిగిసినా తెల్లవారేదాకా చూడవద్దు. 924 న్యూట్రోఫిల్స్‌తో జ్వరం అంటే మామూలు జ్వరం కాదు.

ఇంకొకటి వెతికి పెట్టండి. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర రెండు రంగుల బిళ్లలు పొట్లం కట్టి ఇచ్చారని, వేసిన రోజుల్లో పాప హుషారుగా ఉందని రాశారు. ఆ హుషారు నాకు నచ్చలేదు. అందులో బీటామెథసోనో డెక్సామెథసోనో ఉండి ఉండవచ్చు. కోప్పడకుండా వెళ్లి ఏం ఇచ్చారో, ఏ తేదీ నుంచి ఎన్ని రోజులో అడిగి కాగితం మీద రాయించుకోండి. మిగిలిన బిళ్ల ఒక్కటి ఉన్నా తీసుకువెళ్లి హైదరాబాదులో డాక్టరుకు చూపించండి. మజ్జ చదివేవారికి ఆ సమాచారం తప్పనిసరి. ఇంకా వేస్తూనే ఉంటే మీ అంతట మీరు ఒక్కసారిగా మానిపించకండి, ఆ మాట కూడా వారికే చెప్పండి.

మజ్జలో ల్యుకేమియా తేలితే చికిత్స రెండు నుంచి మూడేళ్లు. మొదటి నెలలు ఆసుపత్రి చుట్టూ, తరువాత ఎక్కువ భాగం ఇంట్లో మాత్రలతో. సౌకర్యాలున్న దేశాల్లో ఈ రకం జబ్బున్న పిల్లల్లో పదిమందికి దాదాపు తొమ్మిది మంది బతుకుతున్నారు. మన దగ్గర అంతమంది బతకకపోవడానికి ముఖ్య కారణాలు ఆలస్యంగా రావడం, మధ్యలో మానేయడం, చికిత్స రోజుల్లో ఇన్ఫెక్షన్లు. వీటిలో మొదటి రెండూ మీ చేతిలోనివి.

మజ్జ శుభ్రంగా ఉందని వస్తే పరీక్ష దండగైందని అనుకోకండి. ఆ మరునాడే కీళ్ల డాక్టరు మెథోట్రెక్సేట్ అనే కీళ్లవాతం మందు అయినా స్టెరాయిడ్ అయినా భయం లేకుండా మొదలుపెట్టవచ్చు. అప్పుడు పాపను కంటి డాక్టరుకు కూడా చూపించండి. పిల్లల కీళ్లవాతంలో కొన్ని రకాలు నొప్పి, ఎరుపు లేకుండానే కంటిలోపల వాపు తెస్తాయి. అది బయటికి కనబడదు కాబట్టి కొన్ని నెలలకోసారి యంత్రంతో చూడవలసిందే.